స్మృతిక్షేత్ర యాత్ర

ప్రవేశిక

యాత్ర అనగానే మనకు ముందుగా తీర్థయాత్ర గుర్తుకు వస్తుంది. పూర్వం కాశీకి వెళ్ళి వచ్చినవారి కాళ్ళు కడిగి, ఆ నీటిని శిరస్సున చల్లుకొనే ఆచారం మన పల్లెల్లో ఉండేది. వెళ్ళినవాడూ తిరిగి వచ్చినవాడూ ఒక్కడు కాడనీ, యాత్ర మనిషిని కొంతైనా మార్చి పంపుతుందనీ ఆ ఆచారం వెనుక ఉన్న విశ్వాసం. తీర్థయాత్ర తరువాత చెప్పుకోదగినది విజ్ఞానయాత్ర. కోటబొమ్మాళి పరిసరాలలోని విద్యార్థులు శ్రీముఖలింగం ఆలయ శిల్పాన్ని చూడడానికో, శాలిహుండం కొండమీది బౌద్ధస్తూపాల శిథిలాలను చూడడానికో తమ అధ్యాపకులతో కలిసి వెళ్తూ ఉంటారు. పుస్తకంలో చదివినది ఎదుట కనిపించినప్పుడు కలిగే ఆనందం అటువంటి యాత్ర చేసిన అందరికీ తెలిసినదే.

ఈ రెండు తరగతులకూ చెందని మూడవ యాత్ర ఒకటి ఉన్నది. అక్కడ సేవించవలసిన దైవం లేదు. చూసి మురిసిపోదగిన శిల్పమూ లేదు. మనిషి సాటి మనిషిని హింసించి చంపిన చోటు అది. అటువంటి చోట్లను ఈ పాఠంలో 'స్మృతిక్షేత్రాలు' అని వ్యవహరిద్దాం. వాటిలో ప్రపంచమంతా ఎరిగినది పోలండు దేశంలోని ఆష్విట్జ్. అనేక దేశాల నుండి వేలాది విద్యార్థులు ఏటా అక్కడికి వెళ్తున్నారు. పదహారు, పదిహేడేళ్ళ యువతీయువకులు అంత దూరం వెళ్ళి అంతటి దుఃఖాన్ని ఎందుకు చూడాలి? చూసి ఏమి సంపాదించుకొని వస్తారు? విదేశయాత్ర చేయగల స్తోమత లేని మన జిల్లా విద్యార్థికి ఈ విషయంతో పని ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

అడుగడుగునా దిగజారిన తీరు

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ దేశపు ఛాన్సలర్ అయ్యాడు. ఆనాటి జర్మనీ జనాభాలో యూదులు నూటికి ఒక్కరికంటే తక్కువ. అయినప్పటికీ దేశానికి వచ్చిన కష్టాలన్నింటికీ వారే కారణమని నాజీ పార్టీ ప్రచారం చేసింది. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలోనే యూదుల దుకాణాలను బహిష్కరించాలనే పిలుపు వచ్చింది. వారిని ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టమూ వచ్చింది. 1935 సెప్టెంబరులో చేసిన నూరెంబర్గ్ చట్టాలు వారి పౌరసత్వ హక్కులను హరించి, ఇతరులతో వివాహాలను నిషేధించాయి. 1938 నవంబరు 9 రాత్రి వారి ప్రార్థనామందిరాలు దగ్ధమయ్యాయి. అదే నెలలో యూదుల పిల్లలను జర్మన్ పాఠశాలల నుండి వెళ్ళగొట్టారు. 1941 సెప్టెంబరు నుండి జర్మనీలోని యూదులు తమ దుస్తులమీద పసుపుపచ్చని నక్షత్రాన్ని కుట్టుకొని తిరగవలసి వచ్చింది.

అప్పటికే రెండవ ప్రపంచయుద్ధం మొదలై రెండేళ్ళు గడిచాయి. తూర్పు ఐరోపాలో జర్మన్ సేనలు ఆక్రమించిన ప్రాంతాలలో సామూహిక హత్యలు సాగుతున్నాయి. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్సే అనే చోట పదిహేనుమంది ఉన్నతాధికారులు సమావేశమై, ఐరోపాలోని యూదులందరినీ నిర్మూలించే కార్యక్రమాన్ని వివిధ శాఖలు ఏ విధంగా పంచుకోవాలో చర్చించారు. వారిలో సగానికి పైగా డాక్టరేటు పట్టం పొందినవారే. యుద్ధం ముగిసిన 1945 నాటికి దాదాపు 60 లక్షల మంది యూదులు హతులయ్యారు. రోమా జాతివారు, పోలండు పౌరులు, సోవియట్ యుద్ధఖైదీలు, వికలాంగులు కూడా లక్షల సంఖ్యలో నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. యూదుల ఈ సంహారాన్నే చరిత్రకారులు 'హోలోకాస్ట్' అంటారు.

ఆష్విట్జ్‌లో కనిపించేది

పోలండులోని క్రాకో నగరానికి పడమరగా ఓష్వియెంచిమ్ అనే చిన్న పట్టణం ఉన్నది. దానిని ఆక్రమించిన జర్మన్లు దానికి తమ భాషలో ఆష్విట్జ్ అని పేరు పెట్టి, 1940లో అక్కడ ఒక నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పారు. దానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో బిర్కెనౌ అనే మరింత పెద్ద శిబిరాన్ని తరువాత నిర్మించారు. ఈ శిబిరాలలో చనిపోయినవారు దాదాపు 11 లక్షల మంది. వారిలో సుమారు 10 లక్షల మంది యూదులు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం అక్కడికి చేరుకొని మిగిలినవారిని విడిపించింది. 1947లో పోలండు ప్రభుత్వం ఆ స్థలాన్ని మ్యూజియంగా మార్చింది. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. శిబిరానికి విముక్తి లభించిన జనవరి 27వ తేదీని ఐక్యరాజ్యసమితి 2005లో అంతర్జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించింది.

అక్కడికి వెళ్ళినవారికి ముందుగా కనిపించేవి ఇటుక భవనాలు, ముళ్ళతీగెలు, కాపలా బురుజులు. బిర్కెనౌలో శిబిరం లోపలి వరకూ 1944లో వేసిన రైలుపట్టాలు నేటికీ ఉన్నాయి. నాజీలు పారిపోయే ముందు సాక్ష్యం మిగలకుండా పేల్చివేసిన విషవాయు గదుల శిథిలాలు కూడా ఉన్నాయి. అయితే సందర్శకుని కాళ్ళను కదలనివ్వనివి ఈ కట్టడాలు కావు. అవి మృతులు విడిచిన వస్తువులు. అద్దాల వెనుక దాదాపు 1,10,000 పాదరక్షలు గుట్టలుగా ఉన్నాయి. కళ్ళద్దాలు, వంటపాత్రలు, కృత్రిమ అవయవాలు ఉన్నాయి. సుమారు 3,800 పెట్టెలు ఉన్నాయి. వాటిలో 2,100 పెట్టెలమీద వాటి యజమానుల పేర్లు ఉన్నాయి. వేరొక చోట స్థిరనివాసం కల్పిస్తామని చెప్పిన మాటను నమ్మి, దిగిన తరువాత పెట్టె తారుమారు కాకూడదని వారు స్వయంగా తమ పేర్లు రాసుకొన్నారు.

చూపించడం ఎప్పుడు మొదలైంది?

ఇటువంటి చోట్లను చూడాలనే ఆలోచన ఈనాటిది కాదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ జర్మనీలోని ఓర్‌డ్రుఫ్ శిబిరాన్ని స్వయంగా చూశాడు. ఇదంతా కట్టుకథ అని రేపు ఎవరైనా అంటే కాదని సాక్ష్యం చెప్పడానికే తాను ప్రతి మూలనూ చూశానని ఆయన తన పై అధికారికి రాశాడు. చట్టసభల సభ్యులనూ, పత్రికా సంపాదకులనూ వెంటనే అక్కడికి పంపించమని కోరాడు. ఆ తరువాత నాలుగు రోజులకు అమెరికా సైన్యం వైమార్ నగర పౌరులను దాదాపు వేయిమందిని సమీపంలోని బూఖెన్‌వాల్డ్ శిబిరానికి నడిపించి, అక్కడి దృశ్యాన్ని చూపించింది.

వైమార్ సామాన్యమైన ఊరు కాదు. అది గెథే, షిల్లర్ వంటి మహాకవులు నివసించిన నగరం. జర్మన్ సంస్కృతికి పుట్టినిల్లుగా పేరుపొందినది. ఆ నగరానికి కొద్ది మైళ్ళ దూరంలోనే అటువంటి శిబిరం ఎనిమిది సంవత్సరాలు నడిచింది. కావ్యాలూ నాటకాలూ సంగీతమూ ఉన్నచోట క్రౌర్యం ఉండదనుకోవడం పొరపాటని వైమార్ మనకు తెలియజేస్తున్నది. చదువు మనిషిని సంస్కరిస్తుందనే మాట నిజమే కాని, అది దానంతట అది జరిగే పని కాదు. వాన్సే సమావేశంలో కూర్చున్న పట్టభద్రులు కూడా బాగా చదువుకొన్నవారే కదా!

విద్యార్థి సంపాదించుకొనేది

ఇక రెండవ ప్రశ్నకు వద్దాం. స్మృతిక్షేత్రాన్ని చూసిన విద్యార్థి ఏమి సంపాదించుకొంటాడు?

మొదటిది, అంకె వెనుక మనిషిని చూడగలగడం. 60 లక్షలు అనే సంఖ్యను మనం పరీక్షలో రాయగలం. కాని దానిని ఊహించలేము. సంఖ్య పెరిగిన కొద్దీ మన మనస్సు మొద్దుబారుతుంది. అద్దం వెనుక ఒక పసివాని చెప్పును చూసినప్పుడు, ఒక పెట్టెమీద రాసిన పేరును కూడబలుక్కొని చదివినప్పుడు ఆ సంఖ్య ఒక్కసారిగా ఒక బాలునిగా, ఒక తల్లిగా, ఒక ఉపాధ్యాయునిగా మారుతుంది. ఆష్విట్జ్‌లో పనికి పనికివస్తారని ఎంచి నమోదు చేసుకొన్న ఖైదీల పేర్లు తీసివేసి వారికి అంకెలు ఇచ్చారు. ఆ అంకెను ఎడమచేతిమీద పచ్చబొట్టుగా పొడిచారు. రైలు దిగిన వెంటనే విషవాయు గదులకు తరలించినవారికి ఆ అంకె కూడా దక్కలేదు. మనిషిని అంకెగా మార్చడం హంతకుడు చేసిన పని. ఆ అంకెను తిరిగి మనిషిగా మార్చడం విద్యార్థి చేయవలసిన పని. యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ 1953 నుండి ఈ పనినే సాగిస్తూ, ఇప్పటికి 48 లక్షలకు పైగా మృతుల పేర్లను సేకరించింది. ఆ పేర్లతో కూర్చిన మహాగ్రంథం ఒకటి 2013 నుండి ఆష్విట్జ్‌లోని ఒక భవనంలో ఉన్నది. సందర్శకులు దాని పుటలు తిప్పి పేర్లను చదువుకొంటారు.

రెండవది, ఘోరం ఒక్కనాడు పుట్టదని తెలుసుకోవడం. పైన చెప్పిన సంవత్సరాలను మరొకసారి గమనించండి. 1933లో దుకాణం ముందు నిలబడి లోపలికి పోవద్దని చెప్పడంతో మొదలైనది, పదేళ్ళు తిరగకముందే విషవాయు గదుల దాకా వచ్చింది. నడుమ ఉన్న ప్రతి అడుగూ వెనుకటి అడుగుకంటే కొద్దిగా మాత్రమే పెద్దది. హేళన, బహిష్కరణ, చట్టం, బడి నుండి తొలగింపు, దుస్తులమీద గుర్తు, రైలు ప్రయాణం. ఇవన్నీ జరుగుతున్నంతకాలం గుమాస్తాలు జాబితాలు రాశారు. రైల్వే ఉద్యోగులు వేళల పట్టికలు తయారుచేశారు. వైద్యులు రైలు దిగినవారిని పరీక్షించి ఎవరు బ్రతకాలో, ఎవరు చావాలో నిర్ణయించారు. బిర్కెనౌ పట్టాలు మన కోటబొమ్మాళి స్టేషనులో కనిపించే పట్టాల వంటివే. ఇనుములో పాపం లేదు. దానిమీద నడిచిన బండి ఎవరిని, ఎక్కడికి తీసుకొని పోతున్నదో అడగని మనుషులలో ఉన్నది.

మూడవది, సాక్ష్యం విలువ గ్రహించడం. ఈ సంహారం జరగనే లేదని వాదించేవారు నేటికీ ఉన్నారు. వారికి సమాధానం కోపం కాదు, ఆధారం. వార్సా నగరంలో యూదులను బంధించిన వాడలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు కొందరు మిత్రులతో కలిసి రహస్యంగా ఉత్తరాలు, దినచర్యలు, రొట్టెల చీటీలు, పిల్లల వ్యాసాలు సేకరించి రేకుపెట్టెలలోనూ పాలబిందెలలోనూ పెట్టి పాతిపెట్టించాడు. ఆయనను 1944లో నాజీలు చంపివేశారు. ఆయన దాచిన పత్రాలలో కొన్ని 1946లోనూ, మరికొన్ని 1950లోనూ శిథిలాల కింద దొరికాయి. తాము బ్రతకమని తెలిసినవారు తమ వెనుక తరాల కోసం రాసిపెట్టిన రాతలు అవి. వాటిని చూసిన విద్యార్థికి చరిత్ర అనేది ఎవరో చెప్పిన మాట కాదనీ, పరీక్షించి నిలబెట్టుకోవలసిన సత్యమనీ అర్థమవుతుంది.

నాలుగవది, మనిషికి ఎప్పుడూ కొంత స్వేచ్ఛ మిగిలి ఉంటుందని తెలుసుకోవడం. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆన్ ఫ్రాంక్ అనే బాలిక తన కుటుంబంతో 1942 జూలై నుండి 1944 ఆగస్టు వరకు తలదాచుకొన్న ఇల్లు 1960 నుండి మ్యూజియంగా ఉన్నది. ఆమె అక్కడ రాసుకొన్న దినచర్యను ప్రపంచమంతా చదివింది. ఆ కుటుంబానికి రెండేళ్ళపాటు తిండిగింజలు చేరవేసినవారిలో ఒకరు ఆమె తండ్రి కార్యాలయంలో పనిచేసిన మీప్ గీస్. పోలీసులు ఆ కుటుంబాన్ని పట్టుకొనిపోయిన తరువాత నేలమీద చెదిరి ఉన్న కాగితాలను ఏరి భద్రపరచినది కూడా ఆమెయే. తమ ప్రాణాలకు తెగించి యూదులను కాపాడిన ఇటువంటివారిని 28,000 మందికి పైగా యాద్ వాషెమ్ గుర్తించి గౌరవించింది. అప్పటి ఐరోపా జనాభాతో పోలిస్తే ఆ సంఖ్య స్వల్పమే. కాని ఏమీ చేయలేకపోయాము అనే సాకును ఆ కొద్దిమంది జీవితాలు ప్రశ్నిస్తూనే ఉన్నాయి.

యాత్రకు ముందూ తరువాతా

గంగలో మునిగినంత మాత్రాన కాకి హంస కాదు. అట్లే స్మృతిక్షేత్రంలో అడుగుపెట్టినంత మాత్రాన ఎవరూ దయాశీలురు కారు. సన్నద్ధత లేకుండా వెళ్ళినవాడు ముఖద్వారం ఎదుట నవ్వుతూ ఛాయాచిత్రం తీయించుకొని తిరిగి రాగలడు. చూసిన దృశ్యాలకు బెదిరిపోయి, ఆలోచన సాగక నిలిచిపోయేవారు కూడా ఉంటారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను తీసుకొని రావద్దని ఆష్విట్జ్ మ్యూజియం సలహా ఇవ్వడానికి కారణం ఇదే.

ఈ విషయంలో బ్రిటన్ దేశపు అనుభవం గమనింపదగినది. అక్కడి హోలోకాస్ట్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1999 నుండి పదహారు మొదలు పద్దెనిమిదేళ్ళ వయస్సు గల విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం నడుపుతున్నది. వయస్సును బట్టి చూస్తే వారు మన ఇంటర్మీడియట్ విద్యార్థుల వంటివారే. పోలండులో వారు గడిపేది ఒక్క రోజు మాత్రమే. కాని దానికి ముందు ఒక సదస్సు ఉంటుంది. యుద్ధానికి పూర్వం యూదులు ఎట్లా జీవించారో అందులో తెలుసుకొంటారు. ప్రాణాలతో బయటపడినవారి మాటలు వింటారు. తిరిగి వచ్చిన తరువాత మరొక సదస్సులో తాము చూసినదానిని గురించి చర్చిస్తారు. ఆపైన తమ పాఠశాలలోనో, ఊరిలోనో ఇతరులకు దానిని వివరించే బాధ్యత తీసుకొంటారు. చూడడం ఒక రోజు పని; ఆలోచించడం ఎన్నో రోజుల పని. అంత ప్రయాణానికి సార్థకత కలిగించేది ఈ రెండవ పనియే.

ప్రాణాలతో బయటపడినవారు ఇప్పుడు మిక్కిలి వృద్ధులు. వారి నోటినుండి స్వయంగా వినే అవకాశం త్వరలోనే ముగిసిపోతుంది. ఆ తరువాత మాట్లాడవలసినవి ఆ స్థలాలు, ఆ వస్తువులు, వాటిని చూసి వచ్చినవారు.

పేరు లేని సమాధులు

ఇంతవరకు చెప్పినది పరాయి ఖండపు కథ వలె తోచవచ్చు. కాని అదే యుద్ధకాలంలో, అవే సంవత్సరాలలో మన ప్రాంతపు మనుషులు కూడా అయినవారికి దూరంగా అరణ్యాలలో కూలిపోయారు. వారి జాడ కోసం ఐరోపా వరకూ పోనక్కరలేదు.

కళింగపట్నం, బారువ రేవుల నుండి ఓడలెక్కి కూలిపని కోసం బర్మాకు వెళ్ళినవారిని గురించి మన ఇళ్ళలో పెద్దలు చెప్పుకొనేవారు. రంగూనును మనవారు 'రంగం' అనేవారు. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి అట్లా వెళ్ళినవారు ఎందరో. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగు మాట్లాడేవారు సుమారు 1,60,000 మంది ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు తెలుగువారినందరినీ 'కోరంగీలు' అని పిలిచారు. మలయా రబ్బరు తోటలకు వెళ్ళినవారికి అక్కడ 'కెలింగ్' అనే పేరు వచ్చింది. కళింగ అనే మన దేశనామం నుండి పుట్టిన ఆ మాట కాలక్రమాన చులకన పలుకుగా మారింది. సొంత పేరు గల మనిషి పరదేశంలో ముందుగా పోగొట్టుకొన్నది ఆ పేరునే.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. 1942లో దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు. వారిలో ఎందరో కొండలూ అడవులూ దాటుతూ కాలినడకన వచ్చారు. దారిలో ఆకలికీ రోగాలకూ పదుల వేల మంది బలియయ్యారు.

మలయాలో ఉండిపోయినవారికి మరొక ఆపద వచ్చింది. థాయిలాండులోని బాన్‌పాంగ్ నుండి బర్మాలోని థన్‌బ్యూజయత్ వరకు 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని జపాన్ సైన్యం 1942లో ప్రారంభించి 1943 అక్టోబరు నాటికి పూర్తిచేయించింది. దానినే 'మృత్యు రైలుమార్గం' అంటారు. దాని నిర్మాణంలో 60,000 మందికి పైగా బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి తదితర యుద్ధఖైదీలు పనిచేయగా, 12,000 మందికి పైగా మరణించారు. వారికి ఎన్నో రెట్లు ఆసియా కూలీలను కూడా ఆ పనికి తెచ్చారు. వారు బర్మీయులు, మలయ్‌లు, జావావారు, మలయా తోటలలోని తమిళులు, తెలుగువారు. కొందరిని మంచి కూలి ఇస్తామని మభ్యపెట్టారు. కొందరిని బలవంతాన బండ్లెక్కించారు. చరిత్రకారుల అంచనా ప్రకారం వారి మరణాలు సుమారు 90,000.

బ్యాంకాక్‌కు పడమరగా ఉన్న కాంచనబురి పట్టణంలో యుద్ధఖైదీల శ్మశానవాటిక ఉన్నది. అక్కడ దాదాపు 7,000 సమాధులు వరుసలు తీర్చి ఉన్నాయి. అధిక భాగం సమాధులమీద మృతుని పేరు, వయస్సు, మరణించిన తేదీ చెక్కి ఉన్నాయి. ఇది ఎట్లా సాధ్యమైంది? ఖైదీల వెంట వారి అధికారులూ వైద్యులూ ఉన్నారు. వారు కావలివారి కన్నుగప్పి చిన్న చిన్న కాగితాలమీద మృతుల పేర్లు రాసి దాచారు. కూలీల వెంట అట్లా రాసేవారు లేరు. 1943 వానకాలంలో కలరా సోకినప్పుడు వారు గుంపులు గుంపులుగా మరణించారు. ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో చెప్పే పట్టిక లేదు. 1990లో కాంచనబురిలో వందలాది అస్థిపంజరాలు ఒకే గోతిలో బయటపడ్డాయి. వాటిలో ఏది ఎవరిదో చెప్పగలవారు లేరు. అనేక పత్రాలలో తెలుగువారు విడిగా కనిపించరు. భారతీయులనో, తమిళులనో రాసిన పద్దులో కలిసిపోయారు. 2023లో ఆ పట్టణంలోని ఒక బౌద్ధాలయ ప్రాంగణంలో తమిళులు తమవారి జ్ఞాపకార్థం ఒక శిలను ప్రతిష్ఠించారు.

ఒకే రైలుమార్గం, ఒకే వాన, ఒకే రోగం. ఒకరికి పేరుతో సమాధి, ఒకరికి పేరు లేని గోయి. ఈ భేదానికి కారణం ఒకరి పేరును ఎవరో రాసిపెట్టడం, మరొకరి పేరును ఎవరూ రాయకపోవడం. కాంచనబురికి వెళ్ళే తెలుగు విద్యార్థి ఆ సమాధుల వరుసల ముందు తలవంచి నమస్కరించవలసినదే. ఆ వరుసలలో లేనివారిని గురించి కూడా అతడు అడగవలసి ఉన్నది.

మన ఊరినుండి మొదలు

ఇక మూడవ ప్రశ్న. ఆష్విట్జ్‌కు గాని, కాంచనబురికి గాని వెళ్ళే స్తోమత మనలో చాలామందికి ఉండదు. అందుకు చిన్నబోవలసిన పని లేదు. అక్కడ నేర్చుకొనే చూపు ముఖ్యం. దానిని మన ఇంటి ముంగిట కూడా అలవరచుకోవచ్చు.

మందస జమీందారీ ప్రాంతంలోని గుడారి రాజమణిపురంలో 1940 ఏప్రిల్ 1న రైతులమీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పులలో మరణించిన సాసుమాన గున్నమ్మ వీరగున్నమ్మగా ప్రజల గుండెలలో నిలిచిపోయింది. ఆమెతోపాటు నేలకొరిగిన ఇతరుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? బొబ్బిలిలో 1757 జనవరి 24న జరిగిన యుద్ధానికి గుర్తుగా స్తంభం ఉన్నది. దొరల పేర్లు కథలలోకి, పాటలలోకి ఎక్కాయి. ఆ కోటలో మరణించిన స్త్రీల, పిల్లల, సేవకుల పేర్లు ఏవి? ఈ ప్రశ్నలు వేసినప్పుడే మన విజ్ఞానయాత్ర స్మృతిక్షేత్ర యాత్రగా మారుతుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. గుడారి కాల్పులూ, బొబ్బిలి యుద్ధమూ, మృత్యు రైలుమార్గమూ, హోలోకాస్టూ ఒకటి కావు. ఒకటి పన్నులకూ అడవి హక్కులకూ సంబంధించిన పోరాటం. ఒకటి సంస్థానాల వైరం. ఒకటి మనిషి ప్రాణాన్ని లెక్కచేయని వెట్టిచాకిరి. ఒకటి ఒక జాతిని పసిబిడ్డతో సహా భూమిమీద లేకుండా చేయాలని రాజ్యమే పూనుకొన్న పని. దుఃఖాలను తూచి, ఇది పెద్దది అది చిన్నది అనడం తగదు. అన్నింటినీ ఒకే గాటకట్టడమూ తగదు. దేని కారణాలను దానికి విడిగా తెలుసుకోవడం కూడా ఈ చదువులో భాగమే.

మీ తాతను, మామ్మను, వీధిలోని వృద్ధులను అడగండి. ఈ ఇంటినుండి రంగం వెళ్ళినవారు ఎవరు? ఏ రేవులో ఓడ ఎక్కారు? వారిని పనికి కుదిర్చినది ఎవరు? తిరిగి వచ్చినవారు ఎవరు, రానివారు ఎవరు? వారు చెప్పడానికి ఇష్టపడినంతవరకే వినండి. చెప్పినది చెప్పినట్లు తేదీతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టండి. తెలియనిచోట తెలియదని రాయండి. ఊహించి పూరించకండి. రింగెల్‌బ్లూమ్ చేసినదీ, యుద్ధఖైదీల వైద్యులు చిన్న కాగితాలమీద చేసినదీ ఈ పనియే. దీనికి విమానపు టిక్కెట్టు అక్కరలేదు.

ముగింపు

స్మృతిక్షేత్రం మనకు సంతోషాన్ని ఇవ్వదు. పుణ్యం ఇస్తుందని కూడా ఎవరూ అనలేదు. అది ఇచ్చేది ఒక అలవాటు మాత్రమే. ఎవరైనా ఒక సంఖ్యను చెప్పినప్పుడు ఆ సంఖ్యలోని మనుషులు ఎవరని అడిగే అలవాటు అది. ఒక సమూహాన్ని అంతటినీ ఒకే పేరుతో పిలిచి నవ్వినప్పుడు ఆ నవ్వులో కలవకుండా ఆగే అలవాటు అది. తరగతిలో ఒకరిని వేరుగా కూర్చోబెట్టినప్పుడు, ఇది ఎన్నవ అడుగు అని తనను తాను ప్రశ్నించుకొనే అలవాటు అది.

ఆష్విట్జ్ అద్దాల వెనుక ఉన్న పెట్టెలమీది పేర్లను రాసినవారు ఎనభై ఏళ్ళ క్రిందటే మరణించారు. అక్షరాలు వెలిసిపోతున్నా నేటికీ చదవవచ్చు. మన ప్రాంతం నుండి పెట్టె పట్టుకొని ఓడ ఎక్కినవారి పేర్లు ఇంకా కొందరు వృద్ధుల జ్ఞాపకంలో మిగిలి ఉన్నాయి. వాటిని రాసుకొనేందుకు మనకు ఉన్న వ్యవధి చాలా తక్కువ.